ఒక చెయ్యి బాకీ ఉంది

అయిందా?

ఇళ్ళు కట్టించే పనిలో ఉన్నవాళ్ళను ఊరంతా అడిగే ప్రశ్న ఇదొక్కటే. పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగితే ఎదురింటాయన అడుగుతాడు. ఫోను ఎత్తితే ఫ్లాటు కొన్నాయన అడుగుతాడు. పెళ్ళికి వెళ్తే, భోజనాల దగ్గర పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడ, నేను సైటు ఇంజనీరునని తెలిసిన మరుక్షణం వాళ్ళ మరిదిగారి ఇల్లు ఇంకా ఎందుకు కాలేదో నన్నే నిలదీస్తుంది. ఆకులో పప్పు చల్లారిపోతుంది గానీ ఆవిడ ఆగదు.

నేను చిక్కడపల్లిలో పుట్టాను. పని చేసిందంతా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీల్లోనే. పాత పెంకుటిళ్ళు పడగొట్టి వాటి చోట అపార్టుమెంట్లు లేపే చిన్న బిల్డర్ల దగ్గర సైటు ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. కూలీలు కొందరు ఇంజనీరమ్మ అనేవారు, కొందరు మేడమ్ అనేవారు. ఇప్పుడు సాయంత్రాలు ఆ గల్లీల్లోనే నడుస్తుంటాను. నేను కట్టించిన ఇళ్ళ ముందు నుంచే వెళ్తాను గానీ అవి నన్ను గుర్తుపట్టవు. బాల్కనీల్లో బట్టలు ఆరేసుకుని, తలుపులు వేసుకుని, వాటి గొడవలో అవి ఉంటాయి.

కలలోకి మాత్రం వేరే ఇళ్ళు వస్తాయి. తలుపులు లేని గుమ్మాలు, పట్టుకోవడానికి ఏమీ లేని మెట్లు, కిటికీ రావాల్సిన చోట ఆగిన మబ్బు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గోడ దాటుకునే వెళ్తాను, ఎందుకంటే గోడ ఇంకా మోకాలెత్తే ఉంటుంది. తడి సిమెంటు వాసన వస్తుంటుంది. ఎక్కడో నీళ్ళు కారుతుంటాయి. మెలకువ వచ్చాక కూడా ఆ వాసన కాసేపు మంచం చుట్టూ తిరుగుతుంది.

కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. సిమెంటు పాళ్ళు, కమ్మీల లెక్కలు నన్ను అడగనక్కర్లేదు. అవి పుస్తకాల్లో నాకంటే బాగా ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది ఒకటి చెప్తాను. ఇల్లు పూర్తయ్యే రోజు ఒక్కటే, ఆ రోజు మనకు అక్కడ పనే ఉండదు. మన ఉద్యోగమంతా అంతకు ముందు రోజుల్లోనే, అయీ కాని ఇంట్లోనే. కాబట్టి అయీ కానిదాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం రావాలి. అది రానివాడు ఎంత చదివినా ఈ పనికి పనికిరాడు, మొహమాటం లేకుండా చెప్తున్నాను.


మా మొదటి సారు వాడనివ్వని మాట

నేను పనిలో చేరినప్పుడు మా సారు పురుషోత్తం గారు. జేబులో ఎప్పుడూ వక్కపొడి పొట్లం, చేతిలో గొడుగు. ఆయన ఆఫీసులో కూర్చుని ఎవరి మాటా నమ్మేవాడు కాదు. మెట్లు లేకపోతే నిచ్చెన ఎక్కేవాడు, నిచ్చెన లేకపోతే వేయించుకుని ఎక్కేవాడు. పైకి వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరికే నిల్చునేవాడు. తడి ఎంత ఉందో చెయ్యికి తెలుస్తుందట. నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఆయన దగ్గర ఒక మాట మీద నిషేధం ఉండేది. 'అయినట్టే' అనకూడదు. నాతోపాటు చేరిన కుర్రాడొకడు ఒక మధ్యాహ్నం ఆ మాట అననే అన్నాడు. సారు టిఫిన్ డబ్బా మూత పెట్టేసి, దాన్ని వాడి ముందుకు జరిపి, "అయినట్టే అంటే ఏంది? నీకు అన్నం పెట్టినట్టే. తిను" అన్నాడు. వాడు బిక్కమొహం వేశాడు. మేమంతా నవ్వాం. సారు మాత్రం నవ్వలేదు, డబ్బా వెనక్కి తీసుకుని తన అన్నం తాను తిన్నాడు.

ఆ మాట ఎంత పని చేస్తుందో నారాయణగూడలో చూశాను. ఒక ఇంటాయనకు కాంట్రాక్టరు ఇల్లు అయినట్టే అని చెప్పాడు. ఆయన పంతులుగారితో ముహూర్తం పెట్టించి బంధువులందరినీ పిలిచాడు. ఆ రోజుకు తలుపులు రాలేదు, నేల పడలేదు, గోడలకు గిలాబు లేక ఇటుకలు అలాగే కనిపిస్తున్నాయి. ముహూర్తం దాటితే తర్వాత మూఢం. చేసేదేముంది, మూడు ఇటుకలు పెట్టి వంటగది కావాల్సిన చోట పాలు పొంగించారు. గాలికి మంట నిలవకపోతే ఆడవాళ్ళు గుమ్మానికి అడ్డంగా పట్టుచీరల కొంగులు పట్టుకుని నిల్చున్నారు. పొగ కిటికీ కంతలోంచి నేరుగా ఆకాశంలోకి పోయింది. ఎంత అందంగా ఉండిందో చెప్పలేను. పాలు పొంగాయి, అందరూ సంతోషించారు, భోజనాలు చేశారు, సాయంత్రం మళ్ళీ కాచిగూడలోని కిరాయి ఇంటికి వెళ్ళిపోయారు.

తర్వాత చాలా నెలలు ఆ ఇల్లాలు అప్పుడప్పుడు ఒక్కతే వచ్చి, పొగ మరక ఉన్న గోడ దగ్గర నిల్చుని వెళ్ళేది. ఒకసారి నాతో, గృహప్రవేశం అయింది గానీ మేం ఇంకా బయటే ఉన్నామమ్మా అంది. ముహూర్తాలను నేను ఎగతాళి చేయను. వాళ్ళ నమ్మకం వాళ్ళది. ఆ కాంట్రాక్టరును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.


ఒంటితో కొలిచే మాటలు

ఆఫీసుల్లో శాతాలు కావాలి. అరవై శాతం అయింది, ఎనభై శాతం అయింది అని రాస్తే అందరికీ తృప్తి. నాకు ఆ శాతాలంటే మొదటి నుంచీ గిట్టదు. పొయ్యి మీద అన్నం ఎంతవరకు వచ్చిందని అడిగితే మా అమ్మ పలుకు మీద ఉంది అనేది. పాకం ఎంతవరకు వచ్చిందంటే తీగపాకం అనేది. మామిడికాయ దోరగా ఉంది అనేది. ఆ మాట వింటే చాలు, ఇంకా ఎంతసేపు ఆగాలో, ఇప్పుడు దించితే ఏమవుతుందో తెలిసిపోతుంది. ఎనభై శాతం ఉడికిన అన్నాన్ని ఏం చేసుకోవాలి?

సైటులో కూడా అలాంటి మాటలే ఉంటాయి. గోడ మోకాలెత్తు వచ్చింది, నడుమెత్తు వచ్చింది, తల దాటింది అంటారు మేస్త్రీలు. టేపు పట్టనక్కర్లేదు, వాళ్ళ ఒళ్ళే కొలత. గిలాబు చేసిన గోడ పచ్చిగా ఉంది అంటే ముట్టుకోవద్దని. స్లాబు నీళ్ళు తాగుతోంది అంటే దాన్ని దాని మానాన వదిలేయమని. రంగు ఒక చెయ్యి పడింది అంటే ఇంకో చెయ్యి పడాలని. ఈ మాటలు వచ్చాక ఇంటిని చూడకుండానే చూడగలిగేదాన్ని.

స్లాబు పోసిన మర్నాడు దాని మీద చిన్న చిన్న మడులు కట్టి నీళ్ళు నిలబెడతారు. నా ఉద్యోగంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన రోజులు అవే. నాలుగో అంతస్తు మీద, చుట్టూ ఊరి గోలంతా కింద ఉండిపోగా, ఆ మడుల్లో ఆకాశం ముక్కలు ముక్కలుగా పడి ఉండేది. పావురాలు వచ్చి ఒక్కో ముక్కలో ముక్కు ముంచి తాగేవి. నేను గట్టున కూర్చుని డబ్బా విప్పేదాన్ని. ఏం ఆలోచించేదాన్నో ఇప్పుడు గుర్తులేదు, ఏమీ ఆలోచించలేదేమో.

బాలమణిని మొదటిసారి చూసింది అలాంటి మడుల మధ్యే. అది అశోక్‌నగర్‌లో మేం కడుతున్న అపార్టుమెంటు, నా చివరి బిల్డింగు. ఆమె బకెట్టుతో నీళ్ళు పోస్తోంది. వాళ్ళది మహబూబ్‌నగర్ జిల్లా. ఊళ్ళో బోరు ఎండిపోయి, పొలం పడావు పడి వచ్చారు. "ఊర్ల నీళ్లు లేవని ఈడికొస్తే, మిద్దె మీద మళ్లు కట్టవడితిమి మేడమ్" అంది. నవ్వుతూనే అంది గానీ, నాకు తర్వాత అన్నం సహించలేదు.


వెనక గదిలోకి

బాలమణి మొగుడు అంజయ్య మా సైటు వాచ్‌మన్. వాళ్ళకొక్కతే కూతురు, శిరీష. సైటు వాచ్‌మన్ కుటుంబం కడుతున్న ఇంట్లోనే ఉంటుంది. మొదట ఇసక కుప్ప పక్కన రేకుల షెడ్డు. మొదటి స్లాబు పడి సెంట్రింగు చెక్కలు విప్పగానే దాని కిందికి. గోడలు లేచి, ఒక్కో గదికి నేల పడుతుంటే, ఇంకా పడని గదిలోకి. అందరికీ ఒక్కో పని అయ్యేకొద్దీ ఇల్లు దగ్గరవుతుంది. వీళ్ళు మాత్రం ఒక్కో పనికీ ఒక్కో గది వెనక్కి జరుగుతారు. చివరికి కింద వెనకవైపు గదికి చేరారు. ఆ తర్వాత జరగడానికి చోటు లేదు. ఆ గది అయిందంటే మా బిల్డరు వేణు సారు వాళ్ళను అంబర్‌పేట్‌లో కొత్తగా మొదలుపెట్టిన సైటుకు పంపుతాడు. అదీ పద్ధతి.

శిరీష చిన్నప్పటి నుంచీ ఇలాగే పెరిగింది. పునాది గుంతల దగ్గర మొదలై రంగుల దగ్గర ముగిసే ఇళ్ళలో. తలుపులు లేని ఇంట్లో హాయిగా నిద్రపడుతుందనీ, తలుపులు పెట్టగానే బయటి చప్పుడు వినపడక భయమేస్తుందనీ ఒకసారి నాతో చెప్పింది. పదో తరగతి పరీక్షల ముందే సైటు మారాల్సి వచ్చి, పుస్తకాలు ఇటుకల లారీలో ఎక్కడో పడిపోయాయి. ఎలాగో గట్టెక్కింది. అప్పటికి ఇంటర్ రెండో సంవత్సరం. ఆ మార్చిలో పరీక్షలు. పాసైతే నర్సింగులో చేరాలని దాని కోరిక.

బాలమణికి ఆ పరీక్షల దిగులు తప్ప వేరే దిగులు లేదు. పాస్ కాకపోతే తనతోపాటు తట్ట మోయాల్సిందే అని రోజూ అనేది, బెదిరింపుగా కొంత, నిజంగానే కొంత. చిక్కడపల్లి లైబ్రరీకి పంపి చూసింది. అక్కడ ఉద్యోగాల పరీక్షలకు చదివే జిల్లాల పిల్లలు పొద్దు పొడవకముందే వచ్చి కుర్చీలు పట్టుకుంటారు. వీధి మెట్ల మీద కూర్చుని చదివి వచ్చేసింది పాపం. ఇక ఆ వెనక గదే దానికి దిక్కు.

ఆ గది మీద ఇంకొకరి కన్ను కూడా ఉంది. స్థలం యజమాని సత్యనారాయణ గారు తన వాటాలోకి దాన్ని తీసుకుని, రీడింగ్ రూమ్ పెట్టే ఒకాయనకు మాటిచ్చారు. అశోక్‌నగర్ సంగతి మీకు తెలిసిందే. ఒక కుర్చీ, ఒక ఫ్యాను, ఒక ప్లగ్గు పాయింటు ఉంటే చాలు, నెలకింతని కట్టి చదువుకునే పిల్లలు కొల్లలు. ఆయన రోజూ సాయంత్రం షికారుకు వచ్చినట్టు వచ్చి, గేటు దగ్గర నిల్చుని, అయిందా అమ్మా అని అడిగేవారు. మంచి మనిషే. తొందరపాటు మనిషి, అంతే.

ఒకరోజు ఆయన అడిగి వెళ్ళిపోయాక బాలమణి నా దగ్గరికి వచ్చి నిల్చుంది. "మీకు ఇల్లు అయిందంటే, మాకు ఇల్లు పోయిందన్నట్టు మేడమ్. బాధేమ్ లేదు, గట్లనే ఉంటది. పిల్ల పరీచ్చలదాక ఆగుతదా అని అడుగుతున్న" అంది.

అయినదాన్ని కాలేదని చెప్పడం నాకు చేతకాదు. పురుషోత్తం గారి దగ్గర నేర్చుకున్నది అటువైపూ వర్తిస్తుంది, ఇటువైపూ వర్తిస్తుంది. మర్నాడే ఇల్లంతా ఆఖరిసారి తిరిగి చూడాలి.


సుద్దముక్కతో ఆఖరి చుట్టు

ఇల్లు అప్పజెప్పే ముందు ఇంజనీరు ఒకసారి మొత్తం తిరుగుతుంది. చేతిలో సుద్దముక్క. ఎక్కడ వెలితి కనిపిస్తే అక్కడ గుండ్రంగా సున్నా చుట్టాలి. ఆ సున్నా చూసి ఎవరి పని వాళ్ళు వచ్చి సరిచేసి పోతారు. నేను పై అంతస్తు నుంచి మొదలుపెట్టాను. మా వాళ్ళ పని బాగుంది. ఇక్కడొక పెచ్చు, అక్కడొక గీత తప్ప సుద్దముక్కకు పనే లేదు. ఖాళీ గదుల్లో మధ్యాహ్నపు ఎండ నేల మీద కిటికీ ఆకారంలో పడి ఉంది, ఒక్కో అంతస్తూ దిగేకొద్దీ ఎండ కాస్త కాస్త పక్కకు జరిగింది.

వెనక గదిలోకి వచ్చాక సుద్దముక్క అరిగిపోయింది.

పరంజా కర్రలు దూర్చడానికి మేస్త్రీలు గోడలో కంతలు వదులుతారు. గిలాబు చేస్తూ వాటిని పూడ్చేస్తారు. బిల్డింగు మొత్తం పూడ్చిన నర్సింలు మేస్త్రి ఈ గదిలో రెండు కంతలు అలాగే వదిలేశాడు. వాటిలో రెండు కర్రముక్కలు దూర్చి, మీద ఒక సెంట్రింగు చెక్క పరిచి ఉంది. చెక్క మీద పుస్తకాలు. కింద సిమెంటు సంచులు మడతపెట్టి వేసిన ఆసనం. సరిగ్గా కిటికీ వెలుతురు పడే చోటు. నేను సున్నా చుట్టి, నర్సింలును పిలిచాను. ఇదేంటని అడిగితే తలగుడ్డ సర్దుకుంటూ, "జరంత ఉంది మేడమ్" అన్నాడు. ఆ కొంచెం ఎప్పుడు పూడుస్తావంటే, చెక్క తీసినప్పుడు అన్నాడు. చెక్క ఎప్పుడు తీస్తావని నేను అడగలేదు.

రంగు ఒక్క చెయ్యే పడి ఉంది. అంబర్‌పేట్ నుంచి వచ్చే సలీం భాయ్ మా పాత పెయింటరు. పని ఎగ్గొట్టే మనిషి కాదు. ఆయన్ను అడిగితే, "ఒక చెయ్యి బాకీ ఉంది మేడమ్. ఆ వాసనకు పిల్ల కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి. బాకీ ఉంటే ఏమైతది, నేనేడికి పోతున్న" అన్నాడు. కరెంటు పని చేసే మహేశ్ బిల్డింగంతా పక్కా లైను ఇచ్చి, ఈ గదికి మాత్రం సైటు లైను మీదే బల్బు వేలాడదీశాడు. పక్కా లైనుకు మారిస్తే యజమాని మీటరు వచ్చేదాకా చీకటే. అందుకని కచ్చాగానే ఉంచానన్నాడు. వడ్రంగి తలుపు బిగించాడు గానీ బయటివైపు గొళ్ళెం వెయ్యలేదు. గొళ్ళెం ఉంటే ఎవరైనా తాళం వేస్తారు కద అని, అదేదో నాకే తెలియాల్సిన విషయమన్నట్టు చూశాడు.

నలుగురినీ విడివిడిగా అడిగాను. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. ఎవరికి వారే, తమ పనిలో ఒక కొస ఆ పిల్ల కోసం వదిలేశారు. నేను రాత్రంతా నిద్రమాని ఏ అబద్ధం చెప్పాలా అని కొట్టుకున్నాను. వాళ్ళు నాతో అబద్ధం ఆడించే అవసరమే లేకుండా చేశారు. ఆ గది నిజంగానే కాలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంజనీరమ్మ ఏడుస్తోందని వాళ్ళు అనుకోకుండా గోడవైపు తిరిగి, ఉన్న సున్నాలనే ఇంకోసారి దిద్దాను.

వేణు సారుకు ఫోను చేసి, వెనక గది కాలేదని చెప్పాను. ఏం మిగిలిందంటే ఒక్కొక్కటీ చెప్పాను. ఎంత పని అంటే ఒక పూట పని అన్నాను. మరి చేయించవచ్చు కదా అన్నాడు. పిల్ల పరీక్షలు అయ్యాక చేయిస్తానన్నాను. సత్యనారాయణ గారికి నువ్వే చెప్పుకో అని పెట్టేశాడు. మా వేణు సారు కష్టమైన పనులన్నీ అలాగే నా మీదికి తోసేవాడు. ఆ ఒక్కసారి మాత్రం దానికి కోపం రాలేదు.


చదువుకునే గది

సాయంత్రం సత్యనారాయణ గారు గేటు దగ్గరే ఆగి ఎప్పటిలాగే అడిగారు. కాలేదండీ, రండి చూపిస్తానన్నాను. ఆయన్ను వెనక్కి తీసుకెళ్ళాను. ఆయన కాదంటే నా దగ్గర వేరే మాట ఏదీ లేదు.

మేం వెళ్ళేసరికి శిరీష చెక్క ముందు కూర్చుని ఏదో బొమ్మ గీస్తోంది, గుండె బొమ్మో ఊపిరితిత్తుల బొమ్మో. మమ్మల్ని చూసి గబుక్కున లేచి, గోడకు ఆనుకుని నిల్చుంది. బాలమణి పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. సత్యనారాయణ గారు ఒక్కో సున్నా దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పైకెత్తి చూశారు. కంతలు చూశారు. వేలాడే బల్బు చూశారు. తలుపు బయటికి వెళ్ళి గొళ్ళెం లేని చోట వేలు పెట్టి చూశారు.

"ఒక పూట పని గూడ లేదు కదమ్మ ఇది" అన్నారు.

"లేదండీ" అన్నాను. "కానీ కాలేదు. ఈ అమ్మాయి పరీక్షలు అయ్యాక అవుతుంది."

ఆయన శిరీష వైపు తిరిగి ఏం చదువుతున్నావని అడిగారు. చెప్పింది. ఏ కాలేజీ అంటే, నారాయణగూడలో సర్కారు కాలేజీ అంది. ఆయన చెక్క మీద చేత్తో నొక్కి గట్టిదనం చూశారు. తన రీడింగ్ రూముకు వచ్చే కుర్చీలు, ఫ్యాన్లు లెక్క వేసుకుంటున్నారేమో అనుకున్నాను. మీసం దువ్వుకుంటూ, "నేను ఏం కావాలన్న? చదువుకునే గది కావాలన్న. ఇది అయింది కదమ్మ ఆల్రెడీ" అన్నారు.

ఆయన నవ్వలేదు. వెళ్తూ వెళ్తూ అవతలాయనకు పరీక్షల తర్వాతనే ఇస్తానని చెప్తానని, అప్పుడు మాత్రం ఒక్క రోజు ఆగనని గట్టిగా చెప్పి వెళ్ళారు. బాలమణి పొయ్యి దగ్గర కొంగుతో మొహం తుడుచుకుంది, పొగ వల్ల అని నేను అనుకున్నట్టు నటించాను.

పరీక్షలు జరిగినన్ని రోజులూ ఆ బిల్డింగు నాకు నీళ్ళలో తలకిందులుగా కనిపించే ఇల్లులా ఉండింది. పై అంతస్తుల్లో జనం దిగుతున్నారు, పాలు పొంగుతున్నాయి, మామిడాకులు కడుతున్నారు. కింద ఒక్క గది మాత్రం ఇంకా సైటే. సాయంత్రం నేను వెళ్ళేసరికి శిరీష గొంతు వినిపించేది, గట్టిగా చదువుకుంటూ. ఆ గొంతు విని నేను లోపలికి వెళ్ళకుండానే వచ్చేసేదాన్ని.

ఆఖరి పరీక్ష మర్నాడు నేనెవరినీ పిలవలేదు. పొద్దున్నే వెళ్ళేసరికి నర్సింలు తాపీతో, సలీం భాయ్ కుంచెతో ఉన్నారు. వడ్రంగి వచ్చాడు, మహేశ్ వచ్చాడు. కంతలు తాను పూడుస్తానని బాలమణి పట్టుబట్టింది. సిమెంటు మాలు తానే కలిపి, ఇటుకముక్కలు ఇరికించి, అరచేత్తో అదిమింది. మధ్యాహ్నానికి గది అయింది. నేను తడిగుడ్డతో నా సున్నాలు తుడిచేశాను. వేణు సారుకు ఫోను చేసి అయింది అన్నాను. ఉద్యోగమంతా ఎప్పుడెప్పుడు అందామా అని ఎదురుచూసే మాట అది. సాయంత్రం అంజయ్య సామాను ట్రాలీ ఆటోలో వేసుకుని అంబర్‌పేట్ వెళ్ళిపోయాడు. నేనూ ఆ నెలలోనే రిటైరయ్యాను.


అంబర్‌పేట్

ఫలితాలు వచ్చిన తర్వాతి రోజు ఉండబట్టలేక ఆటో ఎక్కాను. కొత్త సైటులో అప్పుడే పిల్లర్లు లేచాయి. వాటికి తడి గోనెపట్టాలు చుట్టి ఉన్నాయి. పైన ఏమీ లేదు, మబ్బు ఉంది. ఇసక కుప్ప పక్కన రేకుల షెడ్డు. శిరీష పైపు పట్టుకుని ఒక్కో పిల్లరుకూ నీళ్ళు పడుతోంది. నన్ను చూసి పైపు కిందికి దించింది గానీ దగ్గరికి రాలేదు. అప్పుడే నాకు అర్థమైంది.

"అన్ని అయినయి మేడమ్. ఫిజిక్స్ ఒక్కటి మిగిలింది" అంది. తర్వాత తల వంచుకుని, "అందరు నాకోసం తలా జరంత మిగిలిచ్చిన్రు. నేను గూడ మిగిలిచ్చుకున్న" అంది. చేతిలోని పైపు కింద వదిలేసింది.

బాలమణి ఇసక తట్ట దించి వచ్చింది. మొహం ఎండలో మాడిపోయి ఉంది. నన్ను కూర్చోమని కూడా అనలేదు. సప్లిమెంటరీ ఉంటుంది కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇగ చాలు మేడమ్. మీరందరు జేసిన్రు, గంత జేసిన్రు, అయినా కాలే. మేస్త్రికి చెప్పిన, సోమారం సంది నాతోని తట్ట మోస్తది" అంది. ఆ మాటల్లో కూతురి మీద కోపం కంటే మా అందరి ముందు సిగ్గే ఎక్కువగా వినిపించింది నాకు.

నేను పిల్లర్ల వైపు చూశాను. "బాలమణీ, ఈ బిల్డింగు అయిందా?" అని అడిగాను.

"యాడ మేడమ్. ఇప్పుడే లేచె పిల్లర్లు."

"మరి కూలగొడదామా?"

ఆమె నా వైపు చూసింది. తర్వాత పిల్లర్ల వైపు చూసింది. కింద పడిన పైపులోంచి నీళ్ళు పోతూ మట్టిలో చిన్న కాలువ కడుతున్నాయి. బాలమణి వంగి పైపు తీసుకుంది. కూతురికి తిరిగి ఇవ్వలేదు. తానే పిల్లర్ల దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి, గోనెపట్టాల మీద నీళ్ళు పట్టడం మొదలుపెట్టింది.

శిరీష ఇంకా అక్కడే నిల్చుని ఉంది. ఫిజిక్స్ పుస్తకం ఎక్కడుందో వెతికి తెమ్మన్నాను.